వదిన నేర్చిన ఛాతీ మాటలు

ఆ నెల మా మరమగ్గాల బస్తీ గైబీ నగర్‌లోని ఉచిత దవాఖానకు స్పెయిన్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అక్కడ ఊడ్చి తుడిచే పని మా వదినది. మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పది రోజుల్లో ఛాతీని పెచో అనీ, దగ్గును తోస్ అనీ, పిల్లికూతలను సిల్బీదో అనీ, ఎద బిగదీసినట్టుండే బాధను ఒప్రెసియోన్ అనీ నేర్చేసింది. అన్నీ మరాఠీ అక్షరాల్లో రాసుకుంది.

నేను హేతువాద సభల్లో జాతకాలను చీల్చి చెండాడేవాణ్ణి. బస్తీలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఇప్పుడు దగ్గే ప్రతివాడూ "అక్కను పిలువుండ్రి" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఠాణే పట్టణానికి వెళ్లి స్పానిష్ నిఘంటువు కొనుక్కొచ్చి, తలుపేసుకుని చదివాను.

మా అన్న ఇరవై ఏళ్లుగా లూము, అదే మరమగ్గం, ముందు నిలబడ్డ మనిషి. చివరికి తనూ దవాఖానకొచ్చాడు. వదిన నోరు తెరవకముందే నేను డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాను.

"తమ్మీ, శనివారం వచ్చిందంటే ఎదమీద బండ పెట్టినట్టుంటది. రెండు మూడు దినాలైతే గని తగ్గది. శని పట్టిండు నాకు."

వదిన వారం వారం నువ్వులనూనె దీపం పెట్టేది అందుకే. పరాయి దేశపు డాక్టరు ముందు మా ఇంటి మూఢనమ్మకం విప్పడమా? శనివారాన్ని మింగేసి, "దొలోర్, పెచో" అన్నాను. నొప్పి, ఛాతీ. ఆమె గుండె పరీక్షకు చీటీ రాయబోయింది.

"సగమే చెప్తివేంది?" వదిన ముందుకొచ్చింది. "ఒప్రెసియోన్. తోదోస్ లోస్ సాబదోస్." బిగింపు, ప్రతి శనివారం.

డాక్టరమ్మ కలం ఆగింది. తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో లూములకు సెలవెప్పుడని అడిగింది. శుక్రవారం. ఆ ఒక్కరోజు తేరుకున్న ఊపిరితిత్తులు, మర్నాడు మళ్లీ దూది దుమ్ము తగలగానే బిగుసుకుంటాయట. ఆ షెడ్డులోనే ఉంటే ఊపిరికి దిక్కుండదని చెప్పింది.

శని అబద్ధం, శనివారం నిజం. రెంటినీ కలిపి పారేసినవాణ్ణి నేనే.

"గంత లావు బుక్కు కొన్నవు, గా ఒక్క మాట దొరకలేదా?" అని నవ్వింది వదిన. అన్న గండం తెలిసినందుకు కాక, అది ఆమె నోట తెలిసినందుకు కుళ్లుకున్నాను.

అన్న అటునుంచటే లూముల సేఠ్ దగ్గరికి బయల్దేరాడు, కాశేలి ఊళ్లో ఉన్న ఆయన గోదాములో వేరే పని ఇప్పించమని అడగడానికి. వెంట వెళ్దామని నేనూ చెప్పులు తొడుక్కున్నాను.

"నువ్వుండు తమ్మీ. మీ వదిన మాట్లాడతది."