నడుము చుట్టూ ఎర్ర గీత

వరంగల్ కొత్తవాడలో షత్రంజీ తివాచీలు నేసే చేతులు చాలానే ఉన్నాయి గానీ, ఆ నూలుకు రంగు వేసే చెయ్యి మాత్రం సారంగపాణిది. ఏ రంగుకు ఎంత వేడి కావాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాలిన వేళ్లే నేర్పాయి.

అటువంటి మనిషికి ఈ ఎండాకాలం నడుము మీద దద్దుర్లు లేచాయి. బొడ్డు కింద మొదలై రెండు పక్కలా పాకి వీపు దాకా పోయాయి. గోకితే మంట, గోకకపోతే దురద.

పక్కింటి నేతగాడు కొమురెల్లి అంగీ ఎత్తి చూశాడు. "బావా, ఇది సర్పి. తల, తోక కలిసినయంటే మనిషి దక్కడు."

"కలిసినయా?"

"ఇంక జానెడున్నది. ఫికర్ చెయ్యకు."

అప్పటి నుంచి పొద్దున చాయ్‌కి వచ్చినప్పుడల్లా కొమురెల్లి బావ వీపు మీద జాన పెట్టి కొలవసాగాడు. సారంగపాణి భార్య మొగిలమ్మ సర్పికి మందని జాజు, అదే ఎర్రమన్ను, నూరి పూసింది. మంట ఇంకా ఎక్కువైంది.

"సర్పీ లేదు, గిర్పీ లేదు," అంది చివరికి. "ఆ రంగు కడాయి ఆవిరే నీ ఒంటికి పట్టింది. ఇడిసిపెట్టు ఆ పని. కిరాణం దుకాణం పెట్టుకుందాం."

సర్పికి అంతగా బెదరని సారంగపాణి ఈ మాటకు మాత్రం బెదిరాడు. కడాయి ముందు నుంచి లేచి ఉప్పూ పప్పూ తూయడమా? డాక్టరు కూడా అదే మాట అంటే? ఆ భయంతోనే దవాఖాన పేరెత్తితే ఏదో పని కల్పించుకుని తప్పుకున్నాడు. ఆఖరుకు మొగిలమ్మే ఆటో ఎక్కించింది.

బస్తీ దవాఖానలో డాక్టర్ సుభాషిణి ముందూ వెనకా చూసింది. "సర్పి అయితే ఒక్క పక్కకే వస్తది, నొప్పి ఎక్కువుంటది. ఇది సర్పి కాదు పెద్దాయనా."

"మరి రంగేనా మేడం?" అన్నాడు సారంగపాణి.

"చేతులు చూపియ్యండి."

గోళ్ల నిండా నీలం. చర్మం మాత్రం నున్నగా ఉంది.

"రోజూ రంగుల మునిగే చేతులకు రానిది నడుముకే ఎందుకొచ్చింది? కొత్తగా ఏం కట్టుకున్నరు ఇక్కడ?"

బనీను అంచు ఎర్రబడి ఉంది. దాని కింద కొత్త ఎర్ర మొలతాడు.

"పాతది తెగితే ఐనవోలు జాతరల నేనే కొన్న," అంది మొగిలమ్మ.

సారంగపాణి వేలు తడిచేసుకుని దారాన్ని రుద్దాడు. వేలు ఎర్రబడింది. ఆయన ముఖం మాడింది. "రంగేసినంక నీళ్లు తేటగొచ్చేదాక జాడియ్యాలె. వీడెవడో ఒక్కసారి ముంచి ఎండేసిండు."

"చెమటకు ఆ రంగు దిగినట్టున్నది. విప్పెయ్యండి, జాజు పూయకండి, ఈ మలాం రాయండి. తగ్గితే దొంగ దొరికినట్టే. బొబ్బలు లేచినా, జ్వరమొచ్చినా వెంటనే రండి."

"పెండ్లాం పోతెనే గదా మొలతాడు తీసేది. నేను బతికుండంగనే తీస్తడా?" మొగిలమ్మకు అది మింగుడుపడలేదు.

డాక్టరమ్మ నవ్వింది. "తగ్గినంక రంగు లేని నూలు కట్టు అమ్మా. నువ్వు నిండు నూరేండ్లుంటవు."

దద్దుర్లు మెల్లగా వాడాయి, పొట్టు రాలింది. కొలవడానికి ఏమీ మిగలక కొమురెల్లి ఉత్త చాయ్ తాగిపోయాడు. మొగిలమ్మ తెల్ల నూలు పేని మొగుడి నడుముకు కట్టింది.

మర్నాడు పొద్దున్నే సారంగపాణి కడాయి కింద మంట వేశాడు. గడపలో నిలబడ్డ మొగిలమ్మ కిరాణం ఊసెత్తలేదు. ఓ ప్లాస్టిక్ గుడ్డ తెచ్చి ఆయన పొట్టకు అడ్డంగా చుట్టి, వెనక ముడివేసింది.

"ఇగ చేసుకో," అంది.