మేడం సీరం, పదకొండు గొట్టాలు

మా మేడం పోయి పన్నెండు రోజులైంది. దుఃఖం కాస్త తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ ఎండాకాలం సెలవులకు మా కాలేజీ ల్యాబులో కరెంటు ఆపేస్తారు. ఆమె రక్తం నుంచి తీసిన సీరం, పదకొండు గొట్టాలు, అక్కడి ఫ్రీజర్లోనే ఉంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

వరంగల్‌లో జంపఖానాలు నేసే మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను. మేడం హనుమకొండలో మాకు జీవరసాయనం చెప్పేవారు. నా మొదటి ల్యాబు కోటు ఆమెదే. పొడుగైన కోటు చేతులు మడిచి తానే తొడిగారు. కణంలో ఆర్‌ఎన్‌ఏ అనే సందేశం ఉన్నంత మాత్రాన ప్రోటీను తయారు కాదని, ఆ సందేశాన్ని పట్టుకుని ఆపే ప్రోటీన్లు వేరే ఉంటాయని ఆమె చెప్తే నా బుర్రకెక్కలేదు.

"మీ నాయిన మగ్గం మీద పడుగు ఉన్నదనుకో. సేటు 'జర ఆగు' అంటే నేస్తడా?"

"నెయ్యడు మేడం."

"గంతే. ఆ సేటే ఈ ప్రోటీను."

అయినా మొదటి ప్రయోగంలోనే, పుస్తకంలో ఉన్నట్టు, గొట్టంలో రెండు పొరలుగా విడిన ద్రవంలో ఆర్‌ఎన్‌ఏ ఉన్న పొరను దాచి ప్రోటీన్లున్న పొరను పారబోశాను. ఆమె నెత్తి కొట్టుకుని నవ్వారు. "సేటునే మోరీల పారబోస్తివి గదనే!"

ఆమెది లూపస్ జబ్బు. శరీరం తన మీద తానే తిరగబడుతుంది. ఆమె రక్తంలోని యాంటీబాడీలు సందేశాన్ని ఆపే ఆ సేటులాంటి ప్రోటీన్లలో ఒకదాన్ని పట్టుకునేవి. వాటితోనే మేడం ఆ ప్రోటీనును కణాల్లోంచి బయటికి లాగి, అది ఏ సందేశాన్ని ఆపుతోందో వెతికేవారు. కీళ్లు వాచి సుద్దముక్క పట్టలేని రోజు కూడా దవాఖానలో రక్తం తీసే కుర్రాడికి చెయ్యి చాపి, "జర ఎక్కువనే తియ్యి తమ్మీ. నన్ను సతాయించేదాన్తోని పని చేయించుకుంటున్న" అనేవారు. చివరికి కిడ్నీలు పాడయ్యాయి. వెతుకులాట సగంలో ఆగింది.

కరెంటు ఉంచమని ఆఫీసులో బతిమాలాను.

"రక్తమేనాయె బిడ్డా, ఇంకొకరిది తీస్కో. ఫికర్ జేయకు" అన్నాడు గుమస్తా.

ఇంకొకరి రక్తం ఇదే ప్రోటీనును పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. ఆమెది ఇక ఎన్నటికీ దొరకదు. ఇప్పటికే కోతలతో కరెంటు పోయినప్పుడల్లా ఐసు కోసం ఫ్యాక్టరీకి పరుగెత్తుతున్నాను. నిన్న మూత తెరిస్తే ఒక గొట్టం అంచున మంచు కరిగి ఉంది.

ఎండాకాలమంతా నడిచే డీప్ ఫ్రీజర్ ఉన్న డాక్టర్లు, ల్యాబులవాళ్లు ఎవరైనా ఉంటే, రెండు పిడికిళ్లంత జాగా చాలు. ఈ నెల ఇరవైలోపు ఈ పత్రిక చిరునామాకు ఒక్క కార్డు రాయండి. ఏ ఊరైనా సరే, గొట్టాలను ఐసులో పెట్టుకుని నేనే వస్తాను.