మెట్ల మీద దర్జీ

బైండరు చేతికి బంక ఎంతగా పట్టేసి ఉండేదంటే, ఒకసారి ఆయనతో చెయ్యి కలిపిన పెద్దమనిషి ఆ చెయ్యి ఊడిరాక ఆయన్ని తనతోపాటే ఇంటికి తీసుకుపోవాల్సి వచ్చిందట. ఇందులో కోతలు కొన్ని ఉన్నాయి గానీ బంక మాత్రం నిజం. పుస్తకాల వీపులకు రాసీ రాసీ సాయంత్రానికి వేళ్లు కొయ్యబారేవి. పుట్టుచెవుడు కాబట్టి ఆయన మాట్లాడేదీ ఆ వేళ్లతోనే. పని ఎక్కువైన రోజున ఆ వేళ్లకు నత్తి వచ్చేది.

చిన్నప్పుడు అన్నాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతుంటే, ఏంటని అమ్మ మోచెయ్యి కుదిపేవాడు. ఆవిడ అరచేత్తో గాలిని అవతలికి తోసేది. తర్వాత చెప్తాలే, అని. ఆ తర్వాతలన్నీ పోగేసి బైండు చేస్తే ఏనుగు కూడా మోయలేని పుస్తకం అయ్యేది.

అదే ఊళ్లో ఉండే దర్జీకి చెవులు శుభ్రంగా పనిచేసేవి. అదే ఆయన కష్టం. ఆయన మనసు మగవాళ్ల మీదే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. గడపలో అడుగు పెట్టగానే వదిన గొంతు తగ్గడం, అన్నయ్య దగ్గడం, మాట ఎండల మీదికి మళ్లడం, అన్నీ వినబడేవి.

బైండరు చొక్కా కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు దర్జీ నోటినిండా గుండుసూదులున్నాయి. అందుకని చేతులెత్తు, తిరుగు, ఊపిరి వదులు అని సైగలే చేశాడు. తన మొహం మీదికి వంగి అరవని మొదటి మనిషి కాబట్టి బైండరుకు నచ్చాడు. ఆ చొక్కా ఎన్నిసార్లు వదులు చేయించుకున్నాడో, చివరికి అందులో ఇద్దరు పట్టేంత అయింది. తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండిపోయారు.

దర్జీ వదిన బైండరు ఎదురుగానే అనేది, "పాపం, దిక్కూమొక్కూ లేనివాడు, మా మరిది చేరదీశాడు." ఆవిడ పెదాలు ఆయన చదవగలడని ఆవిడకు తెలియదు. ఆయనా చెప్పలేదు. చెప్పడానికీ ఓపిక కావాలి.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆయనవి. సైకిలు షాపు మీది గదిలో చెవిటివాళ్ల సంఘం కూడేది. వారంలో మిగతా రోజులన్నీ నోరు కట్టుకున్న చేతులు అక్కడ ఎగిరిపడేవి. చెవులున్నవాళ్లకు ప్రవేశం లేదు. పూర్వం రానిస్తే పెత్తనమంతా వాళ్లదే అయిందట. సభ్యుల భార్య, భర్త, కన్నవాళ్లు, పిల్లలు అయితే ఫరవాలేదు. దర్జీ ఏళ్ల తరబడి బయట మెట్ల మీద కూర్చుని గుండీలు కుట్టుకునేవాడు. బైండరు సగం కబుర్లు మింగేసి, ముందే లేచి వచ్చేసేవాడు.

ఒక ఆదివారం వాన జల్లు మెట్లదాకా కొట్టింది. దర్జీకి మోకాళ్ల నొప్పి. బైండరు సంఘం కార్యదర్శి పక్కన చేరి, బల్ల కిందికి చేతులు దించి అడిగాడు. వాళ్ల గుసగుస అలాగే ఉంటుంది.

"అన్నా, మా ఆయన్ని లోపల కూర్చోబెట్టుకోనా?"

బంక వేళ్లు. కార్యదర్శికి ముక్క అర్థం కాలేదు. "ఏంటయ్యా ఆ నత్తి? పైకి చెప్పు."

మళ్లీ కిందనే చెప్పాడు. "పైకి అంటుంటే," అని కార్యదర్శి బల్ల చరిచాడు. బల్ల అదిరితే గదంతా ఇటు తిరిగింది.

బైండరుకు విసుగొచ్చింది. దాచీ దాచీ అలిసిపోయిన విసుగు. చేతులు రెండూ దీపం వెలుగులోకి ఎత్తి, భార్యలున్నవాళ్లు భార్యకు వాడే గుర్తునే తలుపు వైపు చూపిస్తూ పట్టాడు. అతను నాకు ఇది.

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆయన పుట్టి ఎరగడు.

కార్యదర్శి కింద పడ్డ వస్తువేదో వెతుకుతున్నట్టు చూపు దించుకున్నాడు. తర్వాత అరచేత్తో గాలిని అవతలికి తోశాడు. "చూద్దాంలే. తర్వాత."

ఇస్త్రీ అక్క లేచింది. సంఘంలో అందరికన్నా పెద్దది, ఎవరినీ లెక్కచేయదు. "మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావా అది? మా అమ్మా ఇలాగే తోసేది." ఆవిడ వెళ్లి తలుపు బార్లా తెరిచి, మళ్లీ మూసుకోకుండా తన కుర్చీని దానికి అడ్డం వేసింది. "నాకు ఉక్కగా ఉంది," అంది. బయట వాన, లోపల చలి.

బైండరు వెళ్లి మెట్ల మీద దర్జీ పక్కన, తడి లేని చోట కూర్చున్నాడు. అక్కణ్ణుంచి గది సగం కనబడుతోంది. కొందరి చేతులు మళ్లీ కదిలాయి, కొందరివి కదల్లేదు.

"ఏమన్నారు?" అని దర్జీ వచ్చీరాని సైగలతో అడిగాడు.

బైండరు అరచెయ్యి దానంతటదే లేచి గాలిని తోయబోయింది. మధ్యలో ఆపుకున్నాడు. చేతులు వానలోకి చాపి, ఎండిన బంక కాస్త నానేదాకా ఆగి, మొదటి మాట దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.