గోడ వైపు పల్లం

దయ్యాలున్నాయా లేవా అన్న మాట వస్తే అక్కణ్నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో శాంపిల్స్ పరీక్ష చేయడం నా ఉద్యోగం. కొలిచి చూడనిదే రిజిస్టర్‌లో ఒక్క అంకె కూడా వేయను. ఇది కూడా అలాగే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దీనికి అర్థమేంటని మాత్రం నన్ను అడగొద్దు.

భీమవరంలో నాకు ఆరు నెలల పని పడింది. మా ఆయనకి కాకినాడలో ఉద్యోగం. ఆరు నెలల కోసం మంచం, పరుపు మోసుకెళ్ళడం ఎందుకని ఒక డబుల్ ఎయిర్ బెడ్, దానికి గాలి కొట్టే చిన్న కరెంటు పంపు కొనుక్కున్నాను. ఊరి చివర ఒక మేడ మీద గది అద్దెకి దొరికింది. ఇల్లుగలావిడ పేరు సత్యవతి గారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కింద వాటాలో ఒక్కరే ఉంటున్నారు. నేను ఆవిణ్ని పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

నాది నైట్ షిఫ్టు. పొద్దున్న ఏడున్నరకి గదికొచ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం దాకా పడుకోవాలి. మొదటి వారం సరిగ్గా కునుకే లేదు. పక్కకి తిరిగితే చాలు, ఆ ప్లాస్టిక్ కిర్రుమనేది. వీపంతా చెమట పట్టేది. గాలి నిండా కొడితే బల్ల మీద పడుకున్నట్టు ఉండేది, తగ్గిస్తే నడుము నేలకి తగిలేది. నాకు అసలే నడుం నొప్పి. నిద్రమత్తులో ఒక రాత్రి రెండు శాంపిల్స్ నంబర్లు తారుమారు చేశాను. ఇంకోసారి ఇలా అయితే ఇంటికి పంపించేస్తామని మేనేజర్ గారు మర్యాదగానే చెప్పారు.

నా కళ్ళు చూసి సత్యవతి గారు సంగతేంటని అడిగారు. చెప్పాను. మర్నాడు పాత నేతచీరలతో కుట్టిన రెండు బొంతలు పట్టుకుని మేడెక్కి వచ్చారు. ఒకటి నేల మీద పరిచి దాని మీద బెడ్ వేయించారు. రెండోది బెడ్ పైన పరిచి, దాని మీద దుప్పటి వేశారు. జరగకుండా ఉంటుందని బెడ్ పక్క భాగం గోడకి ఆనించారు. తర్వాత నేల మీద కూర్చుని, సరిగ్గా నడుము వచ్చే చోట అరచేత్తో చాలాసేపు నొక్కి చూశారు.

"బిగుతుగా కొట్టకమ్మా. నొక్కితే చెయ్యి కాస్త దిగాలి. అప్పుడే వెన్ను ఆనుతుంది" అన్నారు.

ఆవిడ చెప్పినట్టే చేశాను. పదకొండు గంటలయ్యేసరికి స్లాబు వేడికి లోపలి గాలి ఉబ్బుతుందని కూడా గమనించి, పడుకునే ముందు ఇంకాస్త గాలి తీసేసేదాన్ని. మూడో రోజుకి హాయిగా నిద్ర పట్టింది. అసలు విషయం కూడా అప్పుడే మొదలైంది.

డబుల్ ఎయిర్ బెడ్ మీద ఇంకొకరితో పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది. పక్కన మనిషి ఒరిగితే మనం కొంచెం పైకి తేలతాం. ఆ రోజు నేను అలా తేలాను. పదకొండున్నర అయింది. గది నిండా వెలుతురు ఉంది. తలుపు గడియ నేనే వేశాను. నేను కిటికీ వైపు పడుకున్నాను. తిరిగి చూస్తే నాకూ గోడకీ మధ్య బొంత కిందికి దిగి ఉంది, ఒక మనిషి పొడవున. చెయ్యి వేశాను. ఎండ పడని ఆ చోట గోరువెచ్చగా ఉంది.

వేడికి గాలి ఒక పక్కకి చేరి ఉంటుందనుకున్నాను. కానీ మర్నాడూ అలాగే జరిగింది, ఆ మర్నాడూ అంతే. ఆదివారం మా ఆయన వచ్చి అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు రాసి చూశారు. ఒక్క బుడగ రాలేదు. గోడ వైపు గంటసేపు పడుకుని కూడా చూసి, నీకు నిద్ర చాలట్లేదంతే అని నవ్వి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేకపోయాను. నీళ్ళు నింపిన బాటిల్‌ని నా పక్కన ఆనించి పడుకోబెట్టి కదలకుండా పడుకున్నాను. నా బరువుకి బెడ్ నా వైపే కుంగుతుంది. బాటిల్ ఎటైనా దొర్లితే నా వైపే దొర్లాలి. కింద సత్యవతి గారి వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నేను మెలకువగానే ఉన్నాను. ఒళ్ళు సన్నగా పైకి తేలింది. బాటిల్ నన్ను వదిలి గోడ వైపు మెల్లగా దొర్లి ఆగిపోయింది. దాన్ని తీసుకోవడానికి నేను చెయ్యి చాపలేదు.

రెండు రోజులు కుర్చీలోనే కునికాను. మళ్ళీ ఉద్యోగం మీదికి వచ్చేలా ఉందని మూడో రోజు కిందికి వెళ్ళి, పిన్నిగారూ, నా పక్కన ఎవరో పడుకున్నట్టు ఉంటోందండీ అని చెప్పేశాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. తలెత్తలేదు.

"గోడ వైపేనా?" అన్నారు.

ఏ వైపో నేనింకా చెప్పనే లేదు.

అప్పుడు ఆవిడే చెప్పారు. వాళ్ళ ఆడపడుచు కాంతం గారు, పెళ్ళి కాని మనిషి, మేడమెట్ల మీంచి పడి వెన్ను దెబ్బతిని నాలుగేళ్ళు ఆ గదిలోనే ఉండి, అక్కడే పోయారట. పరుపు వేస్తే పాడవుతుంది, శుభ్రం చేయలేమని గోడ పక్కన చాప మీదే పడుకోబెట్టారట.

"ఆ మాట అన్నది ఎవరో కాదమ్మా, నేనే. వెన్ను ఒరుసుకుపోతోంది వదినా, కింద ఏదైనా మెత్తగా వెయ్యవా అనేది. రేపు వేస్తాలే అనేదాన్ని. నాలుగేళ్ళూ అలాగే అన్నాను."

గది ఖాళీ చేసే వీలు లేదు, ఇంకా ఐదు నెలల పని ఉంది. భయం పోయిందని చెప్పను. కానీ ఆ రోజు నుంచి నేను కిటికీ వైపు అంచుకి జరిగి పడుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం మాత్రం, ఒళ్ళు పైకి తేలిన కాసేపటికి, నా వెనక ఒక పొడుగాటి ఊపిరి వినిపించింది. నిట్టూర్పు కాదు. రోజంతా నిలబడ్డ మనిషి నడుం వాల్చినప్పుడు వదిలే ఊపిరి. నేను గోడ వైపు తిరగలేదు. ఎందుకో కళ్ళ నీళ్ళు వచ్చాయి.

పని అయిపోయి బయల్దేరుతుంటే సత్యవతి గారు ఎయిర్ బెడ్ వదిలేసి వెళ్ళగలవా అని అడిగారు. పంపుతో సహా వదిలేశాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. గది ఎవరికీ ఇవ్వలేదట. పంపు పనిచేయట్లేదు, నోటితో ఊదితే నిండుతుందా అని అడిగారు. అప్పటికే ఊదుతున్నారేమో, బాగా ఆయాసపడుతున్నారు. ఈ వయసులో మీరు ఊదకండి, సైకిల్ షాపులో అడగండి అంటున్నాను. ఇంతలో ఆవిడ పక్కనుంచే ఇంకో ఆడగొంతు, నీరసంగా, స్పష్టంగా వినిపించింది.

"చాల్లే వదినా."

సత్యవతి గారు ఉంటానమ్మా అని ఫోన్ పెట్టేశారు.

వీధిలో ఆవిణ్ని వదినా అని పిలిచేవాళ్ళు ఎవరైనా ఉండొచ్చు. పక్కింటి ఆవిడ మేడ మీదికి వచ్చి ఉండొచ్చు. నాకు నేను అలాగే చెప్పుకుంటున్నాను. మళ్ళీ ఫోన్ చేసి అడుగుదామని నంబరు తీస్తాను, అడగలేక పెట్టేస్తాను. ఆ గొంతు ఎవరిదో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.