రోజుకి పది కుట్లు

అచ్చాఫీసులో ఆవిడది తప్పులు పట్టే ఉద్యోగం. బడి పుస్తకాలు, బ్యాంకు ఫారాలు, మందు సీసాల మీద అంటించే చీటీలు, ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు ఆవిడ బల్ల మీదికి రావలసిందే. ఇరవై రెండేళ్ళుగా ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి అది. ఒకసారి దగ్గుమందు చీటీ మీద ‘రోజుకు మూడుసార్లు’ అన్నది ‘రోజుకు ముప్పైసార్లు’ అని పడి ఉంటే పట్టుకున్నది ఆవిడే. కొత్తగా చేరినవాళ్ళందరికీ మేనేజరు ఆ సంగతి చెప్తాడు. చెప్పినప్పుడల్లా ఆవిడ, “అది పెద్ద తప్పు కాబట్టి దొరికిందండీ, చిన్నవే దొరకవు” అంటుంది.

భర్త ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్. కూతురు కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. పైవాటాలో ఉండే నర్సు ఉద్యోగం మారి వెళ్ళిపోతూ రెండు అల్లిక సూదులు, సంచెడు ఊలు ఇచ్చి, మూడు ఆదివారాలు కూర్చోబెట్టి అల్లడం నేర్పింది. నేర్చుకునేనాటికి ఆవిడకు నలభై ఒకటి.

మొదట అల్లినది తమ్ముడి కొడుక్కి స్వెట్టరు. రెండు నెలలు పట్టింది. తొడిగి చూస్తే ఎడమ చెయ్యి వేళ్ళ కొసల దాకా దిగింది, కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దే గాని, ఆ స్వెట్టరు ఆవిడకే ముద్దు రాలేదు. మరదలు మాత్రం నవ్వు ఆపుకుంటూ, “పర్లేదు వదినా, వాడు పెరిగేకొద్దీ ఒక చెయ్యైనా సరిపోతుందిగా” అంది.

ఇంటికి తెచ్చి బీరువా అడుగున కుక్కబోతుంటే కూతురు పట్టుకుంది.

“దాచేస్తావేంటమ్మా? నెట్‌లో పెడదాం. అందరూ బాగా వచ్చినవే పెడుతున్నారు. అవి చూసి చూసి మాలాంటివాళ్ళకి ఏడుపొస్తోంది.”

అలా బ్లాగు మొదలైంది. పేరు ‘విప్పుడు’. అల్లినదాని ఫొటో, ఎక్కడ తప్పు జరిగింది, ఎన్ని వరసలు విప్పాల్సి వచ్చింది, మళ్ళీ ఎలా అల్లింది, అంతే అందులో రాసేది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దే మనిషి తన తప్పుల్ని తానే నలుగురికీ చూపించడం మొదలుపెట్టింది. కాని ఆ నలుగురే కరువయ్యారు. మూడు నెలలు గడిచేసరికి చూసినవాళ్ళ సంఖ్య పదకొండు. అందులో ఐదు తనే.

నాలుగో నెలలో మొదటి కామెంటు వచ్చింది. ‘గుండీల డబ్బా’ అనే బ్లాగు నడిపే ఒకావిడ రాసింది. పాత చొక్కాలు కోసి పిల్లలకు గౌన్లు కుట్టడం ఎలాగో ఆ బ్లాగులో రాస్తుంటుందామె.

“మీ స్వెట్టరుకి ఎడమ చెయ్యి పర్లేదు, పెరిగే పిల్లాడికి అంచు మడిస్తే సరిపోతుంది. కుడి చెయ్యి పొట్టి అయింది. భుజం దగ్గర కుట్లు లెక్క పెట్టండి. కుడివైపు ఆరు తక్కువ ఉండాలి.”

లెక్కపెడితే సరిగ్గా ఆరు తక్కువున్నాయి. ఎర్ర పెన్ను ఆవిడ తన జీవితంలో మొదటిసారి తనకంటే పదునైన కన్ను ఒకటుందని ఒప్పుకుంది. కుడి చెయ్యి విప్పి, మళ్ళీ అల్లి, ఫొటో పెట్టింది. దాని కింద గుండీల డబ్బా ఒకే మాట రాసింది: “ఇప్పుడు పిల్లాడికి రెండు చేతులు.”

ఆ తరువాత ఇద్దరూ ఒకరి బ్లాగులో ఒకరు రాసుకోని రోజు లేదు. గుండీల డబ్బాకు ఒక నియమం ఉండేది. ఎవరి పని కిందా ఉత్త ‘బాగుంది’ అని రాయదు. “బాగుంది అనేసి పోవడం మెచ్చుకోవడం కాదు, తప్పించుకోవడం. ఏది బాగుందో చెప్పాలి” అనేది. చూసి చూసి మిగతావాళ్ళకూ అదే అలవాటైంది. రెండేళ్ళలో అరవైమంది దాకా చేరారు. ‘విప్పుడు’ బ్లాగు రాసే ఆవిడ అందరికీ విప్పుడక్క అయింది.

వాళ్ళలో ‘ఆఖరి స్టాపు’ అనే పేరుతో ఒకరుండేవారు. క్రోషే కొక్కెంతో టోపీలు అల్లేవారు. ప్రశ్నలు ఎక్కువ, మాటలు తక్కువ. “అక్కా, మీ టోపీ అంచు ఎంత చక్కగా కుదిరిందో” అంటూ అందరూ ఎనిమిది నెలలు పిలిచారు. తొమ్మిదో నెలలో అంచు దగ్గరగా చూపించడానికి ఆ మనిషి తన చెయ్యి కూడా పడేలా ఒక ఫొటో పెట్టాడు. చేతినిండా వెంట్రుకలు, అరచేతంత గడియారం, వెనకాల బస్సు స్టీరింగు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆఖరి స్టాపులో బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది, ఆ వేళలో టోపీలు అల్లుతాడు.

“ముందే చెప్పొచ్చుగా!” అని విప్పుడక్క రాస్తే, “చెప్తే నవ్వుతారనుకున్నానండీ. డిపోలో కూడా టిఫిన్ డబ్బాలో దాచుకుంటా” అని జవాబిచ్చాడు. అక్కా అని పిలిచిన నోటితో అన్నా అనడానికి అందరికీ వారం పట్టింది.

విప్పుడక్క గుండీల డబ్బాను మూడు నాలుగుసార్లు ఫోన్ నంబరు అడిగింది. నంబరైతే ఇచ్చింది గాని, “ఫోన్ వద్దు, రాసుకుందాం” అంది ప్రతిసారీ. ఒకసారి విప్పుడక్క ఉండబట్టలేక చేస్తే ఎత్తలేదు. తనతో మాట్లాడడం చిన్నతనం అనుకుందేమోనని మనసులో కొంచెం కలుక్కుమంది. అయినా పైకి అడగలేదు.

మూడో ఏడు వానల్లో అచ్చాఫీసు మెట్ల మీద విప్పుడక్క కాలు జారింది. కింద పడకుండా కుడి చెయ్యి ఆనించింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టులో ఉంది చెయ్యి. అక్షరాలు దిద్దడం ఎడమ చేత్తో నేర్చుకుంది, వంకరగానైనా పని జరిగిపోయింది. కట్టు విప్పాక అసలు కష్టం తెలిసింది. వేళ్ళు ముడుచుకోవు, మణికట్టు తిరగదు, సూది పట్టుకుంటే రెండు నిమిషాలకే జారి నేలమీద పడుతుంది. ఇంకో నెల చూసింది. ఆ నెలలోనే మరదలికి రెండో కాన్పయింది. గోరుచుట్టుపై రోకటిపోటులా, పుట్టిన పిల్లకు ఏమీ అల్లలేకపోయింది.

ఒక ఆదివారం పొద్దున ఎడమ చేత్తో ఒక్కో అక్షరం నొక్కి బ్లాగులో రాసింది: “ఇది విప్పి మళ్ళీ అల్లగలిగే తప్పు కాదు. ఇన్నాళ్ళూ తోడున్నందుకు సంతోషం. సెలవు.”

ఊలు సంచి కట్టి అటక మీద పెట్టించింది. భర్త నిచ్చెన దిగి, దాన్ని తీసుకెళ్ళి పెరట్లో పెట్టాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు ఫోన్ మోగింది. తెరమీద గుండీల డబ్బా పేరు. ఎత్తి హలో అంటే అవతల ఊపిరి తప్ప మాట లేదు. పెట్టేయబోతుంటే వినిపించింది.

“నే... నే... నేను. గు... గుండీల డబ్బాని.”

విప్పుడక్క మంచం అంచున కూర్చుంది.

“నా మాట ఇం... ఇంతే. చిన్నప్పట్నుంచీ. పదేళ్ళయింది ఫో... ఫోన్ ఎత్తి. కొరియర్ అబ్బాయితో కూడా మా ఆయనే మాట్లాడతారు.” ఆ నాలుగు మాటలకే నిమిషంపైన పట్టింది. “ఇవాళ మీకు చే... చేశాను. మీరు రోజుకి ప... పది కుట్లు వెయ్యలేరా?”

కామెంట్లలో కత్తిలా రాసే మనిషి గొంతు ఇలా ఉంటుందని విప్పుడక్క ఎన్నడూ అనుకోలేదు. తాను ఇన్నాళ్ళూ తప్పుగా చదివిన వాక్యం ఏదో ఇప్పుడు తెలిసింది. “వంకరగా వస్తాయమ్మా” అంది.

“వం... వంకరవి పెట్టడానికేగా మీ బ్లాగు!”

ఇద్దరూ నవ్వారు. నవ్వడంలో మాత్రం ఆమెకు ఎక్కడా తడబాటు లేదు.

మర్నాడు ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు విప్పుడక్క సంగతి చెప్పింది. రబ్బరు బంతి నొక్కమని రోజూ పోరే అక్కడి అమ్మాయి, “ఇదీ వ్యాయామమేనండీ. నొప్పి తెలిసేదాకా చెయ్యండి, ఏడుపొచ్చేదాకా వద్దు” అంది. సంచి అటక దిగింది.

మొదటి రోజు లెక్క బ్లాగులో పెట్టింది: “నాలుగు. అందులో రెండు జారాయి.” రెండో రోజు ఐదు. మూడో రోజు మళ్ళీ నాలుగు. నాలుగో రోజు ‘ఆఖరి స్టాపు’ ఒక ఫొటో పెట్టాడు. టోపీయో, నలిగిన పీచో తెలియని వస్తువు అందులో ఉంది. కింద, “ఎడం చేత్తో అల్లా. ఏడు కుట్లు. ఇక బస్సు తియ్యాలి” అని రాశాడు. సాయంత్రానికి గుండీల డబ్బా కూడా ఎడమ చేత్తో కుట్టిన చొక్కా జేబు పెట్టింది. జేబు తలకిందులుగా పడింది. వారం తిరిగేసరికి పాతికమంది వాటం లేని చేత్తో కుట్టి, అల్లి, ఆ వికారాలన్నీ వరసగా పెట్టారు. ‘వీటిలో అతి ఘోరమైనది ఏది’ అని ఓట్లు కూడా వేశారు. డ్రైవరు టోపీ గెలిచింది.

పదిహేనో రోజున ఆయన దగ్గర్నుంచి ఒక పొట్లం వచ్చింది. పోస్టులో రాలేదు. ఆయన తన ఊరినుంచి బయల్దేరే బస్సు డ్రైవరుకి ఇస్తే, ఆ డ్రైవరు మధ్య ఊళ్ళో ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి ఇచ్చి, చివరికి ఎవరో ముక్కూ మొహం తెలియని డ్రైవరు అచ్చాఫీసు ముందు బస్సు ఆపి, “విప్పుడక్క ఎవరండీ ఇక్కడ?” అని కేకేశాడు. ఆఫీసంతా కిటికీల దగ్గరికి వచ్చింది. పొట్లంలో రెండు లావాటి సూదులున్నాయి. పట్టుకునే చోట సైకిల్ హ్యాండిల్‌కి తొడిగే రబ్బరు ముక్కలు తొడిగాడు.

అయినా అంతా సాఫీగా సాగలేదు. నలభై రెండో రోజు ముప్పావుగంట కష్టపడి తొమ్మిది కుట్లు వేశాక సూది జారి వరసంతా ఊడిపోయింది. విప్పుడక్క సూదులు గోడకేసి కొట్టింది. ఇంత కాలం చూస్తూ ఊరుకున్న భర్త అవి తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు అడగలేదు కదా అని ఊరుకున్నా గాని, నాకో సంగతి చెప్పు. రెండు సూదులూ కదలాలా?”

“ఎడమది కదిలినా చాలు. కుడిది ఊరికే నిలబడి ఉంటే చాలు.”

“మరి నిలబడ్డానికి నీ చెయ్యెందుకు?”

సామాను పెట్టె తెచ్చి, వాషింగ్ మెషీన్ పైపుకి బిగించే క్లిప్పు ఒకటి తీసి, బల్ల అంచుకు స్క్రూ కొట్టి, కుడి సూదిని అందులో బిగించాడు. ఇప్పుడు కుడి చెయ్యి చేయవలసిందల్లా దారం చుట్టడమే. ఆ రోజు పధ్నాలుగు కుట్లు పడ్డాయి. క్లిప్పు ఫొటో చూసి గుండీల డబ్బా, “మీ ఆయనకి చెప్పండి, స్క్రూ రెండు మిల్లీమీటర్లు పక్కకుంది” అని రాసింది. ఆయన కొలిచి చూసి సరిచేశాడు.

ఏడు నెలలకు మణికట్టు ముప్పాతిక వంతు తిరిగింది. అంతకు మించి తిరగదని డాక్టరు చెప్పేశాడు. సన్న దారంతో మేజోళ్ళు అల్లడం ఇక కుదరదు. అది ఆవిడకు బాధే, దాచుకోలేదు, బ్లాగులోనూ రాసింది. లావు ఊలు, లావు సూదులు మాత్రం చేతికి లొంగాయి. మరదలి కూతురికి బొంత లాంటి దుప్పటి అల్లి ఇచ్చింది. పక్షవాతం వచ్చిన ఒకాయన, వేళ్ళు కొంకర్లు పోయిన ఒక టీచరు ఆ క్లిప్పు గురించి అడిగారు. భర్త ఆదివారాలు కూర్చుని వాళ్ళకు తయారుచేసి పంపాడు.

ఆ ఏడాది చివర ముగ్గురూ కలుసుకున్నారు. విప్పుడక్క ఊరి బస్టాండే ముగ్గురికీ అనువైన చోటు. డ్రైవరు ఆ రోజుకి దూరపు బస్సు డ్యూటీ వేయించుకుని యూనిఫామ్‌లోనే వచ్చాడు, తిరుగు ప్రయాణానికి గంట టైముంది. గుండీల డబ్బా యాభై దాటిన మనిషి, సన్నగా, చేతికి కొలత టేపు చుట్టుకుని బస్సు దిగింది. డ్రైవరు ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాడు గాని, మధ్యలో అందించలేదు. అది గమనించి ఆమె ఇంకాస్త ఎక్కువే మాట్లాడింది. వెళ్ళేముందు ఆయన తలమీద టోపీ తీసి ఇద్దరికీ అంచు చూపించాడు. టిఫిన్ డబ్బాలో దాచుకోవడం మానేసి చాలా రోజులైందట. డిపోలో మెకానిక్కొకడు నేర్పమని వెంటపడుతున్నాడట.

ఆయన వెళ్ళాక ఆడవాళ్ళిద్దరూ బెంచీ మీద సాయంత్రం ఐదున్నర బస్సు వచ్చేదాకా కూర్చున్నారు. టీ రెండుసార్లు తాగారు. గుండీల డబ్బా టేపు విప్పి విప్పుడక్క భుజం కొలిచింది. ఆవిడ తొడుక్కున్న జాకెట్టు కుట్టినవాడిని తిట్టింది. కాగితం మీద గీతలు గీసి చూపించింది. కొన్ని మాటలకు ఎక్కువసేపు పట్టింది. బస్సుకు తొందర లేదు కాబట్టి ఎవరూ తొందరపడలేదు.

ఇంటికొచ్చాక భర్త అడిగాడు.

“పొద్దున వెళ్ళావు, ఇప్పుడా రావడం? అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?”

“చంకల గురించి,” అంది విప్పుడక్క, చెప్పులు విడుస్తూ. “నాకు జాకెట్లు కుట్టేవాళ్ళందరూ ఇన్నాళ్ళూ అరంగుళం ఎక్కువ కోస్తున్నారట.”