టీచరమ్మ పైన పెట్టిన చీటీ

మా సండేస్కూల్ టీచరమ్మ పోయిన మంగళవారం ప్రభువు సన్నిధికి చేరారు. మిరపకాయలకు తొడిమలు తీస్తుండగా నాకు కబురొచ్చింది. చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, అక్కడే కూర్చుండిపోయాను. ఆమె ఇల్లు నడిచి పది నిమిషాలు. నేను వెళ్లి మూడు నెలలైంది.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనప్పుడు వాగ్దానపు చీటీలు తీస్తాం. ఎవరి చేతికి ఏ బైబిలు మాట వస్తే, ఆ ఏటికి దేవుడు వాళ్లతో చెప్పిన మాట అదే. పాత శుభలేఖల వెనక గుండ్రటి అక్షరాలతో వాటిని రాసేది టీచరమ్మే, పళ్లెం పట్టుకుని నిలబడేదీ ఆమే. పదిమందిలో పైకి ప్రార్థన చెయ్యడం నాకు ఆమే నేర్పారు. "ప్రభువు నడిపిస్తాడే, ఎత్తుకుని మోయడు. ముందు చెప్పులేసుకో" అని నవ్వించేవారు.

పది పాసైన ఏడు నాకు గుంటూరులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. వెళ్లనా వద్దా అని దేవుణ్ణి అడిగి, ఆ కొత్త సంవత్సరం ఆరాధనలో చీటీ తీశాను. ఓపికతో ఉన్నచోటనే ఉండమని వచ్చింది. ఉండిపోయాను. ముప్పై నాలుగేళ్లు అది దైవచిత్తమనే బతికాను.

మొన్న క్రిస్మస్‌కు కేకు ఇవ్వడానికి వెళితే, "ఆ చీటీ నీ వంతుకు పైన పెట్టింది నేనేనమ్మా" అన్నారు. "అప్పుడు మీ అమ్మ మంచాన పడి ఉంది. నువ్వెళ్తే దాన్ని ఎవరు చూస్తారు?"

"అయితే నా బతుకు మీరు నిర్ణయించారా టీచరమ్మా?"

"పెట్టింది నేను. తీసిన చెయ్యి నీది. ఇంకోటి తియ్యొద్దన్నానా? నీకూ భయమేసుంటుంది. చీటీ మీదకు నెట్టావు."

టీ తాగకుండా లేచొచ్చాను.

తర్వాత ఒంట్లో బాగాలేదని రెండుసార్లు కబురు పంపారు. "ప్రభువు నడిపిస్తే వస్తానని చెప్పండి" అన్నాను. చెప్పులు నా గుమ్మంలోనే ఉన్నాయి.

నేను వెళ్లనని దేవునికి ముందే తెలిసి ఉంటుంది. తెలిసినంత మాత్రాన ఆయన నా కాళ్లు కట్టలేదు. టీచరమ్మ కూడా ఆ రోజు నా చెయ్యి పట్టుకోలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇంత ఆలస్యమైంది.

ఆ మంగళవారం వెళ్లేసరికి వాళ్ల ఇంటి ముందంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వచ్చినవాళ్లంతా పెరటివైపు నుంచి వెళ్తున్నారు. రోడ్డు నుంచి వీధి గుమ్మం దాకా మాత్రం, కాయల మధ్య ఒక మనిషి నడిచేంత సందు ఉంది.

"ఇదేంటమ్మా?" అని టీచరమ్మ కోడల్ని అడిగాను.

"నువ్వెప్పుడూ ఇటునుంచే వస్తావని అత్తయ్య ఈ దారి వదిలిపెట్టించింది అక్కా. రోజూ ఊడ్పించేది."

ఆ సందులో చీపురు గీతలున్నాయి. అడుగు ఒక్కటీ లేదు.