లోపలి కొలత, బయటి కొలత

ఉప్పల్ డిపోకు కాస్త అవతల, టైర్ల దుకాణం పైన ఉండేది నా మొదటి ఆఫీసు. వెబ్‌సైట్లు చేసేవాళ్లం ముగ్గురం, మా మీద ఒక సీనియర్. ఆయనకు సర్టిఫికెట్లు చాలా ఉండేవి. వాటికి ఫ్రేములు కట్టించి, వచ్చినవాళ్ల కళ్లబడేలా తలుపుకు ఎదురుగా తగిలించారు.

ఒకసారి నాచారంలో అట్టపెట్టెలు తయారుచేసే ఒకాయన తన ఫ్యాక్టరీకి సైటు చేయించుకున్నారు. పేజీలో ఎడమవైపు పెట్టెల ఫోటోలు, కుడివైపు ఫోన్ నంబర్ల పట్టీ. మా ఆఫీసులో అన్నీ పాత బ్రౌజర్లే. వాటిలో బాగానే కనబడింది. ఆయన దగ్గర కొత్త బ్రౌజర్ ఉంది. అందులో కుడి పట్టీ జారి పేజీ అడుగున పడింది.

మొదటి రోజు సీనియర్, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమని ఆయనకు ఫోన్లో చెప్పారు. రెండో రోజు, "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉన్నట్టుంది సార్" అన్నారు. మూడో రోజు ఇక తప్పక, పేజీలో ఏది ఎంత, ఎక్కడ ఉండాలో రాసే స్టైల్ షీట్ తెరిచి, ప్రతి లైను చివరా 'ఇంపార్టెంట్' అని చేర్చారు. ఆ మాట ఉన్న లైను మిగతావాటి మీద నెగ్గుతుంది. అన్ని లైన్లూ ముఖ్యమే అయ్యాక ఏదీ ముఖ్యం కాకుండా పోయింది. పట్టీ కదల్లేదు.

నాలుగో రోజు దాన్ని నాకు అంటగట్టారు. నేను కొత్త బ్రౌజర్ వేసుకుని, పేజీని విడగొట్టిన డబ్బాల్లో ఏది ఎక్కడిదాకా ఉందో తెలియాలని ఒక్కోదానికి ఒక్కో రంగు పూశాను. అంతలో ఆ పెట్టెలాయన, ఫోన్లతో విసిగి, స్వయంగా వచ్చేశారు.

"ఏంది బిడ్డా గిది, హోలీ ఆడిన్రా?"

"ఇది టెస్టింగ్ ప్రాసెస్ సార్, మీకు అర్థం కాదు" అన్నారు సీనియర్.

పెట్టెలాయన పట్టించుకోకుండా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మొత్తం వెడల్పెంత?"

"ఏడువందల అరవై పిక్సెళ్లు. ఫోటోలకు ఐదువందల అరవై, ఈ పట్టీకి రెండువందలు."

"మరి అక్షరాల పక్కన ఖాళీ ఉన్నది గద."

"అటు పది, ఇటు పది. మా పాత బ్రౌజర్‌లో సరిగ్గానే పట్టింది."

"గది రెండువందల లోపల్నా, బయటనా?"

నేను కాగితం తీసుకుని రెండువందలకు ఇరవై కలపడం మొదలుపెట్టాను. డిగ్రీలో నాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి.

"డబ్బా ఆర్డర్ రాంగనే మేం ఫస్టు గదే అడుగుతం. లోపలి కొలతనా, బయటి కొలతనా అని. అడగకుంటే సరుకు పట్టక లోడంతా వాపస్ వస్తది. మీ పాతది బయటి కొలత పట్టినట్టుంది, నాది లోపలిది పట్టి గా ఇరవై బయట కలిపినట్టుంది. జర తగ్గించి సూడు."

"ఇది కోడింగ్ సార్, అట్టముక్కలు కాదు" అని సీనియర్ అంటుండగానే నేను రెండువందలను నూట ఎనభై చేశాను. పట్టీ పైకి లేచి తన చోట కూర్చుంది. పాత బ్రౌజర్‌లో మాత్రం పక్కన కొంచెం ఖాళీ మిగిలింది. ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు.

"గంతే" అని ఆయన లేచి, ఫోన్ నంబరు జర పెద్దగా వేయమని చెప్పి వెళ్లిపోయారు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. నవ్వే ధైర్యం లేక కీబోర్డు తుడిచాను.

సోమవారం సీనియర్ మా ముగ్గురికీ క్లాసు పెట్టారు. బోర్డు మీద డబ్బా గీసి, "లేఅవుట్ చెడితే మొదట అడగాల్సిందొకటే. లోపలి కొలతా, బయటి కొలతా? ఇలాంటివి అనుభవం మీద తెలుస్తాయి" అన్నారు. పెట్టెలాయన ప్రస్తావన రాలేదు. నేనూ తేలేదు, తల ఊపుతూ నోట్సు రాసుకున్నాను. నన్ను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది సీనియరే.